తినే ఔషధ మొక్కల లోపలి ఫంగస్ నుంచి మేలు చేసే పదార్థాలు రాబట్టడం ఎలా?

తులసి ఆకు ఒకటి తెంపి చూడండి. మచ్చ లేదు, తెగులు లేదు, నవనవలాడుతూ ఉంది. అయినా దాని లోపల, కణాల మధ్య సందుల్లో, ఏదో ఒక ఫంగస్ కాపురం ఉండే ఉంటుంది. మొక్కకు పైకి కనిపించే హాని ఏదీ చేయకుండా లోపలే బతికే ఇలాంటి జీవులను ఎండోఫైట్లు అంటారు. 1866లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఈ మాట వాడారు. అప్పటినుంచి వెతికిన దాదాపు ప్రతి మొక్కలోనూ ఇవి దొరుకుతూనే ఉన్నాయి. పసుపు దుంపలో ఉన్నాయి, అల్లంలో ఉన్నాయి, మిరియాల తీగలో ఉన్నాయి.

మొక్క లోపల బతకడం ఫంగస్‌కు అంత తేలికేం కాదు. పక్కనున్న సూక్ష్మజీవులతో పోటీ పడాలి, మొక్క తన రక్షణకు తయారు చేసుకునే రసాయనాలను తట్టుకోవాలి. అందుకోసం అది రకరకాల పదార్థాలు తయారు చేస్తుంది. వాటిలో కొన్ని మనకు పనికొస్తాయి. పపువా న్యూ గినియాలో టెర్మినాలియా జాతి చెట్టు నుంచి తీసిన పెస్టలోటియాప్సిస్ మైక్రోస్పోరా అనే ఫంగస్ పెస్టాసిన్, ఐసోపెస్టాసిన్ అనే యాంటీఆక్సిడెంట్లను ఇచ్చింది. పిప్పళ్ల తీగలో ఉండే పెరికోనియా జాతి ఫంగస్ ఒకటి పైపరిన్‌ను తయారు చేస్తున్నట్టు 2011లో ప్రచురించారు. మిరియాలకు, పిప్పళ్లకు ఘాటునిచ్చేది ఆ పైపరినే.

డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్లను, కొత్తగా పరిశోధనలో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. లామినార్ (వడకట్టిన గాలి వీచే క్యాబినెట్), ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) ఉన్న ల్యాబ్‌లో చేయాల్సిన పని. వంటగదిలో ప్రయత్నించేది కాదు, వచ్చిన సారాన్ని రుచి చూసేది అంతకన్నా కాదు.

పని మొదలుపెట్టే ముందు నోట్‌బుక్ మొదటి పేజీలో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ ఫంగస్ నిజంగా ఆకు లోపలిదేనా? ఈ పదార్థం నిజంగా ఫంగస్ చేసిందేనా? అది మేలు చేసేదేనా, లేక విషమా? కింద చెప్పేదంతా ఈ మూడింటికి జవాబు వెతకడమే. వైవాలో అడిగేదీ చివరికి ఇవే.

మొక్కను ఎంచుకోవడం

ఏ మొక్క దొరికితే అది తీసుకోకండి. జనం చాలాకాలంగా తింటూ, మందుగానూ వాడుతున్న మొక్క అయితే దాని రసాయనాల గురించి ఇప్పటికే చాలా తెలిసి ఉంటుంది. మీకు దొరికిన పదార్థాన్ని పోల్చి చూడటానికి ఆ సమాచారం అక్కరకొస్తుంది. మొక్క పేరు మీకు తెలుసనిపించినా, పూతతో ఉన్న కొమ్మను ఆరబెట్టి హెర్బేరియం నమూనాగా చేసి, వృక్షశాస్త్రం తెలిసినవారి చేత నిర్ధారణ చేయించండి. తులసిలోనే పలు జాతులున్నాయి.

ముదిరిన ఆకుల్లో లేత ఆకుల కన్నా సాధారణంగా ఎక్కువ రకాలు దొరుకుతాయి, ఎందుకంటే వాటికి గాలిలోని స్పోర్లు (ఫంగస్‌కు విత్తనాల్లాంటివి) తగిలే సమయం ఎక్కువ. కనీసం ఐదారు మొక్కల నుంచి తీసుకోండి. ఆకు, కాండం, వేరు వేటికవే విడిగా కాగితం కవర్లలో పెట్టి, తేదీ, చోటు, మొక్క నంబరు రాయండి. తడిగా ఉన్న ఆకులను ప్లాస్టిక్ కవర్లో బిగించి ఉంచితే బయటి బూజు కూడా పెరిగిపోతుంది. 4 డిగ్రీల దగ్గర ఉంచి, వీలైతే 24 గంటల్లోపే పని పూర్తి చేయండి.

అనుమతుల సంగతి చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. జన్యు వనరుల వాడకం, వాటి లాభాల పంపకం గురించిన నగోయా ఒప్పందం 2010లో కుదిరి 2014 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. మొక్క లోపలి ఫంగస్ కూడా జన్యు వనరే. మీ దేశంలో ఎవరి అనుమతి కావాలో మొక్క తెంపకముందే కనుక్కోండి.

మీడియా

ఫంగస్‌ను పెంచడానికి ఇచ్చే ఆహారాన్నే మీడియా అంటారు. ఈ పనిలో ఎక్కువగా వాడేది పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్, అందరూ పీడీఏ అంటారు. లీటరుకు 200 గ్రాముల బంగాళాదుంపల కషాయం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, గడ్డకట్టించడానికి 15 నుంచి 20 గ్రాముల అగార్. పీహెచ్ 5.6 దగ్గర ఉండాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. రెడీమేడ్ పొడి వాడినా తప్పేం లేదు.

బాక్టీరియా రాకుండా యాంటీబయాటిక్ కలపాలి. క్లోరామ్‌ఫెనికాల్ వేడికి తట్టుకుంటుంది కాబట్టి మీడియాతో పాటే ఆటోక్లేవ్‌లో పెట్టొచ్చు. స్ట్రెప్టోమైసిన్ వేడికి చెడిపోతుంది, అందుకని ఫిల్టర్‌తో స్టెరిలైజ్ చేసి, మీడియా చెయ్యి పట్టేంత వేడికి దిగాక కలపాలి. పోసిన ప్లేట్లను రెండు రోజులు ఊరికే ఉంచి ఏమీ మొలవలేదని చూసుకున్నాకే వాడండి.

ఆకు పైభాగాన్ని శుభ్రం చేయడం

మొత్తం పనిలో అసలు కీలకం ఇక్కడుంది. ఆకు మీద దుమ్ముతో పాటు లెక్కలేనన్ని స్పోర్లు ఉంటాయి. వాటిని చంపాలి, లోపలున్నవి బతకాలి. రసాయనం తక్కువైతే పైనున్నవి మిగులుతాయి. ఎక్కువైతే లోపలికి ఇంకి అన్నీ చస్తాయి, నెలరోజులు ప్లేట్లు ఖాళీగా ఉంటాయి.

మామూలు ఆకుకు ఈ వరుసతో మొదలుపెట్టండి:

1. పారే కుళాయి నీళ్ల కింద పది నిమిషాలు కడగాలి.
2. లామినార్ లోపల 70 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం ముంచాలి.
3. స్టెరైల్ నీళ్లలో ఒకసారి జాడించి, 2 శాతం క్లోరిన్ ఉండేలా పలచన చేసిన సోడియం హైపోక్లోరైట్‌లో రెండు మూడు నిమిషాలు కదుపుతూ ఉంచాలి.
4. స్టెరైల్ నీళ్లలో మళ్లీ జాడించి, 70 శాతం ఇథనాల్‌లో 30 సెకన్లు ముంచాలి.
5. స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, స్టెరైల్ ఫిల్టర్ పేపర్ మీద ఆరనివ్వాలి.

మధ్యలో నీళ్లతో జాడించడం మానకండి. హైపోక్లోరైట్, ఆల్కహాల్ కలిస్తే హానికరమైన పదార్థాలు పుడతాయి. హైపోక్లోరైట్‌ను యాసిడ్ దగ్గరికి కూడా రానీయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ఇంకో మాట, హైపోక్లోరైట్ సీసా పాతబడేకొద్దీ బలం తగ్గిపోతుంది. అలమారాలో ఎప్పటినుంచో ఉన్న సీసా మీది లేబుల్‌ను నమ్మొద్దు.

పైన ఇచ్చిన నిమిషాలు రాతిమీద గీత కావు. పలచని ఆకుకు ఎక్కువ కావచ్చు, మందమైన బెరడుకు చాలకపోవచ్చు. అసలు నమూనాలను ముట్టుకునే ముందు ఒకే మొక్క ఆకులతో హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు ఉంచి మూడు జట్లు చేయండి. పైభాగం శుభ్రమై, లోపలి ఫంగస్ ఇంకా మొలుస్తున్న అతి తక్కువ సమయం మీకు కావాల్సింది.

పైభాగం శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? శుభ్రం చేసిన ఆకును ఖాళీ పీడీఏ ప్లేటు మీద ఒక నిమిషం మెత్తగా అదిమి తీసేయండి. దీన్ని ఇంప్రింట్ ప్లేటు అంటారు. ఆఖరుసారి కడిగిన నీళ్లలోంచి 100 మైక్రోలీటర్లు తీసి ఇంకో ప్లేటు మీద పరవండి. ఈ రెండూ అసలు ప్లేట్లతో పాటే ఇంక్యుబేటర్‌లో ఉండాలి. వీటిమీద ఏది మొలిచినా ఆ జట్టు మొత్తం పారేయాల్సిందే.

నేను మొదటిసారి చేసినప్పుడు దాదాపు అన్ని ప్లేట్లలోనూ ఒకే రకం నీలిపచ్చ పొడి బూజు వచ్చింది. ఈ మొక్కకు ఒకే ఎండోఫైట్ ఉందన్నమాట అని తెగ సంబరపడి గైడ్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ప్లేట్ల వంక కూడా సరిగా చూడలేదు. "ఇంప్రింట్ ప్లేటు ఏదయ్యా?" అన్నారు. పెట్టలేదు. తర్వాత ఆరా తీస్తే అది పెనిసిలియం, నేను కడగడానికి వాడిన నీళ్ల సీసాలోంచే వచ్చింది. మూత సగం వదులుగా ఉందట. మూడు వారాల పని చెత్తబుట్టలో పడింది.

ముక్కలు పెట్టి ఎదురుచూడటం

రసాయనం తగిలిన అంచులను స్టెరైల్ బ్లేడుతో కోసి తీసేయండి. మిగిలిన భాగాన్ని అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, ఒక్కో ప్లేటులో నాలుగైదు ముక్కలకు మించకుండా పెట్టండి. కోసిన అంచు అగార్‌ను తాకాలి. బ్లేడును, ఫోర్సెప్స్‌ను ప్రతి ఆకుకూ మంటలో కాల్చి చల్లారనివ్వాలి. ఇథనాల్ బీకరు మంటకు దూరంగా ఉందో లేదో చూసుకోండి, లామినార్‌లో నిప్పంటుకునేది ఎక్కువగా ఇక్కడే. ప్లేటును పారాఫిల్మ్‌తో చుట్టి 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచండి.

మొదటి మూడు రోజులు ఏమీ కనిపించకపోవచ్చు. నాలుగో రోజో ఐదో రోజో ప్లేటును వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా పట్టుకుని చూడండి. ముక్క కోసిన అంచు నుంచి, ఈనె తెగిన చోట, దూదిపింజ కొసలాంటి తెల్లని పోగు బయటికి వస్తూ ఉంటుంది. మరుసటి రోజుకు అదే చిన్న విసనకర్రలా పరుచుకుంటుంది. పోగులు కోసిన అంచు నుంచి వస్తున్నాయా, లేక ఆకు మీది మైనపు పొర మధ్యలోంచి వస్తున్నాయా అన్నది గమనించి రాసుకోండి. అంచు నుంచి వస్తే అది లోపలిది కావడానికి అవకాశం ఎక్కువ. ముక్కకు సంబంధం లేకుండా అగార్ మధ్యలో ఎక్కడో మొలిచిందా, అది గాలిలోంచి వచ్చి పడింది. లెక్కలోకి తీసుకోకండి.

ప్లేట్లను రోజూ చూడాలి. ట్రైకోడెర్మా లాంటివి రెండు మూడు రోజుల్లో ప్లేటంతా కమ్మేసి నెమ్మదిగా పెరిగేవాటిని మింగేస్తాయి. మొలిచినదాన్ని మొలిచినట్టే వేరే ప్లేటుకు మార్చేస్తూ ఉండాలి. అలాగని తొందరపడి పది రోజులకే ప్లేట్లు పారేయకండి. మూడో వారంలో, నాలుగో వారంలో బయటపడేవీ ఉంటాయి. అరుదైనవి తరచూ వాటిలోనే దొరుకుతాయని నా అనుభవం.

లెక్క సులువే. 60 ముక్కలు పెడితే 42 ముక్కల్లోంచి ఫంగస్ వచ్చిందనుకోండి, 42ను 60తో భాగించి 100తో గుణించండి. 70 శాతం. ఆకుకు, కాండానికి, వేరుకు విడివిడిగా వేయాలి.

శుద్ధ కల్చర్, దాని నిల్వ

పెరుగుతున్న కాలనీ అంచున ఒకే ఒక్క పోగు కొసను సన్నని సూదితో తీసి కొత్త పీడీఏ మీద పెట్టండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తేగానీ కల్చర్ (అంటే మనం పెంచుతున్న ఫంగస్) శుద్ధం కాదు. ప్రతిదానికీ మొక్క, భాగం, ముక్క నంబరు తెలిసేలా కోడ్ పెట్టండి. నెల తర్వాత "ఇది ఏ ఆకులోంచి వచ్చింది?" అని తల పట్టుకోవడం కన్నా ఇది నయం.

శుద్ధ కల్చర్ చేతికి రాగానే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి, కనీసం ఐదారు స్టాకులు చేసుకోండి. 15 నుంచి 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర కొన్ని, స్లాంట్ల (ట్యూబులో ఏటవాలుగా గట్టిపడిన అగార్) మీద 4 డిగ్రీల దగ్గర కొన్ని. డీప్ ఫ్రీజర్ లేకపోతే అగార్ ముక్కలను స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌లో వేసి మూత బిగించినా చాలాకాలం బతుకుతాయి. ఇంత ఆత్రం ఎందుకంటే, సబ్‌కల్చర్ చేస్తూ, అంటే కొత్త ప్లేటుకు మారుస్తూ పోయేకొద్దీ చాలా ఎండోఫైట్లు పనిచేసే పదార్థాన్ని తయారు చేయడం తగ్గించేస్తాయి. క్యాంప్టోథెకా అక్యుమినాటా చెట్టు నుంచి తీసిన ఫ్యుసేరియం సొలాని విషయంలో ఇదే జరిగింది. క్యాన్సర్ మందులకు మూలమైన క్యాంప్టోథెసిన్‌ను అది మొదట్లో తయారు చేసింది, తరాలు గడిచేసరికి తగ్గించేసింది. ఆ పదార్థం తయారీలో ఒక మెట్టుకు కావాల్సిన ఎంజైమ్ ఫంగస్ దగ్గర లేదని, మొక్క ఎంజైమ్ మీద ఆధారపడుతోందని తర్వాత తేలింది.

పేరు తెలుసుకోవడం

లాక్టోఫినాల్ కాటన్ బ్లూతో స్లైడ్ చేసి మైక్రోస్కోప్ కింద చూడండి. స్పోర్ల ఆకారం బట్టి ప్రజాతి (జీనస్) దాకా వెళ్లొచ్చు. కొన్ని ఎండోఫైట్లు ప్లేటు మీద ఎంతకీ స్పోర్లు వేయవు, వాటితో ఇక డీఎన్ఏ ఒక్కటే దారి. ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లతో (డీఎన్ఏలో కావాల్సిన చోటును పట్టుకునే చిన్న ముక్కలతో) ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని పెంచి, సీక్వెన్స్ చేయించి, జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ సమాచార నిధిలో పోల్చి చూస్తారు. ఫంగస్‌లకు బార్‌కోడ్‌గా 2012లో ప్రతిపాదించింది ఈ భాగాన్నే. అయితే ఫ్యుసేరియం, కొల్లెటోట్రైకం, ఆస్పర్‌జిల్లస్ జాతుల్లో ఐటీఎస్ ఒక్కదాంతో కచ్చితమైన పేరు చెప్పలేం. బీటా ట్యూబులిన్, టెఫ్1 లాంటి జన్యువులు కూడా చూడాలి. 99 శాతం పోలింది కదా అని పేరు రాసేయడం మన ప్రాజెక్టు రిపోర్టుల్లో మామూలైపోయింది.

ఈ పేరు పట్టింపు ఊరికే కాదు. పేరు తెలిస్తేనే అది ఏ విషాలు చేయగలదో ముందే తెలుస్తుంది.

ఫ్లాస్క్‌లో పెంచడం

500 మి.లీ. ఫ్లాస్క్‌లో 200 మి.లీ. పొటాటో డెక్స్‌ట్రోజ్ బ్రాత్ (అగార్ లేని ద్రవ మీడియా) పోసి, ప్లేటు అంచు నుంచి 5 మి.మీ. అగార్ ముక్కలు నాలుగైదు వేయండి. 25 నుంచి 28 డిగ్రీల దగ్గర, షేకర్ మీద అయితే నిమిషానికి 120 నుంచి 150 చుట్లు, రెండు నుంచి మూడు వారాలు. పక్కనే ఫంగస్ వేయని బ్రాత్ ఒకటి అవే రోజులు, అదే చోట ఉండాలి. ఈ ఖాళీ ఫ్లాస్క్ అవసరం తర్వాత తెలుస్తుంది.

ఒకే ఫంగస్ వేర్వేరు మీడియాలో వేర్వేరు పదార్థాలు చేస్తుంది. బ్రాత్‌లో ఏమీ ఇవ్వనిది, ఆటోక్లేవ్ చేసిన తడి బియ్యం మీద నెలరోజులు కదపకుండా ఉంచితే దండిగా ఇవ్వొచ్చు. షేకర్ మీద, కదపకుండా, బియ్యం మీద అని కనీసం మూడు రకాలుగా పెంచి చూడకుండా "దీంట్లో ఏమీ లేదు" అని తేల్చేయకండి.

సారం తీయడం

బ్రాత్‌ను మస్లిన్ గుడ్డలో వడకట్టి, పోగుల ముద్దను, ద్రవాన్ని వేరు చేయండి. ద్రవానికి సమానంగా ఇథైల్ ఎసిటేట్ కలిపి సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఊపాలి. ఊపినప్పుడల్లా మొదట స్టాప్‌కాక్ తిప్పి లోపలి ఆవిరి వదలండి, లేకపోతే మూత ఎగిరిపోతుంది. పైన తేలేది ఇథైల్ ఎసిటేట్ పొర. ఇలా మూడుసార్లు తీసి అన్నీ ఒకచోట కలపాలి. మధ్యలో నురగలా తెల్లటి పొర ఏర్పడి విడిపోనంటే కాస్త ఉప్పు ద్రావణం పోసి ఆగండి. నీటి చెమ్మ పోవడానికి అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ వేసి, వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలకు మించకుండా ఆవిరి చేయండి. ఇథైల్ ఎసిటేట్ సున్నా డిగ్రీల కన్నా తక్కువలోనూ నిప్పందుకునే ఆవిరినిస్తుంది కాబట్టి ఆ గదిలో బర్నర్ వెలిగించకూడదు.

పోగుల ముద్దను ఆరబెట్టి, నూరి, మిథనాల్‌లో విడిగా నానబెట్టండి. ఖాళీ బ్రాత్‌కు కూడా ఇదంతా మొదటినుంచీ చేయాలి. బంగాళాదుంపల్లోనే యాంటీఆక్సిడెంట్ గుణమున్న ఫినాల్స్ ఉంటాయి. ఖాళీ బ్రాత్ సారం కూడా యాంటీఆక్సిడెంట్ గుణం చూపిస్తే, దాన్ని మీ ఫంగస్ ఖాతాలో వేసుకోవడానికి లేదు.

యాంటీఆక్సిడెంట్ పరీక్ష

అందరూ మొదట చేసేది డీపీపీహెచ్ అనే రంగు రాడికల్‌తో చేసే పరీక్ష. 100 మి.లీ. మిథనాల్‌లో 3.94 మి.గ్రా. కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. ముదురు ఊదా రంగు. ఇందులో 2 మి.లీ. తీసుకుని 1 మి.లీ. సారం ద్రావణం కలిపి, చీకట్లో 30 నిమిషాలు ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర చదవాలి. యాంటీఆక్సిడెంట్ ఉంటే ఊదా రంగు పోయి పసుపు పచ్చకు తిరుగుతుంది. మి.లీ.కు 10, 25, 50, 100, 200 మైక్రోగ్రాముల చొప్పున సారంతోనూ, పోలికకు ఆస్కార్బిక్ యాసిడ్‌తోనూ చేయండి. ఒక్కోటి మూడేసి సార్లు.

సారం లేని కంట్రోల్ రీడింగ్ 0.750, సారం కలిపినది 0.300 అనుకుందాం. తేడా 0.450. దాన్ని 0.750తో భాగిస్తే 60 శాతం. ఇక్కడితో ఆగిపోతే తప్పు. ఫంగస్ సారాలు చాలావరకు గోధుమరంగులోనో ఎరుపులోనో ఉంటాయి, ఆ రంగు కూడా 517 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. డీపీపీహెచ్ లేకుండా మిథనాల్‌లో సారం ఒక్కటే ఉంచి చదవండి. అది 0.060 వచ్చిందంటే, 0.300లోంచి తీసేస్తే 0.240. అప్పుడు జవాబు 68 శాతం. సారం రంగు వల్ల ఎనిమిది శాతం కనబడకుండా పోయింది. సగం డీపీపీహెచ్‌ను తటస్థం చేయడానికి కావాల్సిన గాఢతను ఐసీ50 అంటారు, అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనది.

ఏ పదార్థం వల్ల ఈ గుణం వచ్చిందో చూడాలంటే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష టీఎల్‌సీ, అంటే పలుచని సిలికా పొర మీద పదార్థాలను విడదీసే పద్ధతి. సిలికా ప్లేటు మీద సారాన్ని చుక్క పెట్టి, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ మిశ్రమంలో నడిపి, ఆరాక డీపీపీహెచ్ చల్లండి. ప్లేటంతా ఊదాగా మారి, అక్కడక్కడ పసుపు మచ్చలు తేలతాయి. పనిచేసే పదార్థం ప్లేటు మీద ఎంత ఎత్తులో ఉందో కళ్లముందే తెలిసిపోతుంది. ఖాళీ బ్రాత్ సారాన్నీ, అసలు మొక్క సారాన్నీ అదే ప్లేటు మీద పక్కపక్కన పెట్టడం మరవకండి.

బాక్టీరియా మీద పనితీరుకు వెల్ డిఫ్యూజన్‌తో (బాక్టీరియా పరిచిన అగార్‌లో గుంట చేసి సారం పోసి చూడటం) మొదలుపెట్టి, పనిచేసినవాటికి ఎంఐసీ (బాక్టీరియాను ఆపే అతి తక్కువ గాఢత) చూడండి. సారం కరగడానికి వాడిన డీఎంఎస్ఓ కూడా బాక్టీరియాను ఆపగలదు కాబట్టి దానికి వేరే కంట్రోల్ ఉండాలి.

ఒక హెచ్చరిక. టెస్ట్‌ట్యూబులో డీపీపీహెచ్ రంగు పోయిందంటే ఒంట్లో మేలు జరుగుతుందని అర్థం కాదు. డీపీపీహెచ్ అనే రాడికల్ మన శరీరంలో ఉండనే ఉండదు. రిపోర్టులో "ఆరోగ్యానికి మంచిది" అని రాయకండి, "డీపీపీహెచ్ పరీక్షలో ఇంత" అని రాయండి.

ఫంగస్ చేసిందేనా?

1993లో సైన్స్ పత్రికలో ఒక సంచలన వ్యాసం వచ్చింది. క్యాన్సర్ మందు టాక్సాల్‌ను ఇచ్చే పసిఫిక్ యూ చెట్టు లోపలి టాక్సోమైసిస్ ఆండ్రియానే అనే ఫంగస్ కూడా టాక్సాల్ చేస్తోందని దాని సారాంశం. దొరికింది లీటరుకు 24 నుంచి 50 నానోగ్రాములు. 50 లెక్కన చూసినా ఒక్క గ్రాముకు రెండు కోట్ల లీటర్ల బ్రాత్ కావాలి. ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో, అదే ఫంగస్ జీనోమ్‌ను పరిశీలించినవాళ్లకు టాక్సాల్ తయారీకి కావాల్సిన జన్యువుల జాడ కనిపించలేదు.

మీ ఫ్లాస్క్‌లో మొక్క పదార్థమే కనబడితే ఈ కథ గుర్తు తెచ్చుకోండి. మొదట్లో పెట్టిన ఆకు ముక్కలోంచి కొంత పదార్థం అగార్‌లోకి దిగి, కల్చర్‌తో పాటు వచ్చి ఉండొచ్చు. మొక్క ఊసే లేని మీడియాలో కల్చర్‌ను కొన్ని తరాలు మార్చాక కూడా ఆ పదార్థం వస్తోందా? రోజులు గడిచేకొద్దీ ఫ్లాస్క్‌లో పెరుగుతోందా? 3, 7, 14, 21 రోజులకు నమూనాలు తీసి ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి అణువు బరువును బట్టి గుర్తించే యంత్రం) చూస్తే, మిగిలిపోయిన పదార్థమైతే అలాగే ఉంటుంది లేదా తగ్గుతుంది. ఫంగస్ చేస్తున్నదైతే పెరుగుతుంది. ఆపైన కాలమ్, హెచ్‌పీఎల్‌సీ, ఎన్ఎంఆర్‌లతో నిర్మాణం తేల్చడం కెమిస్ట్రీవాళ్ల సాయంతో చేయాల్సిన పని.

విషమేమో చూడటం

"తినే మొక్కే కదా, దాని లోపలి ఫంగస్ కూడా మంచిదే అయ్యుంటుంది" అనే మాట చాలాసార్లు విన్నాను. ఇది పూర్తిగా తప్పు. మొక్కజొన్న లోపల ఏ లక్షణమూ చూపకుండా బతికే ఫ్యుసేరియం వెర్టిసిలియాయిడిస్ ఫ్యుమోనిసిన్లు అనే విషాలు చేస్తుంది. కొన్ని గడ్డి జాతుల్లో ఉండే ఎపిక్లోయి ఎండోఫైట్ వల్ల ఆ గడ్డి మేసిన పశువులు జబ్బు పడతాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ చేసే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. కొలెస్ట్రాల్ మందు లోవాస్టాటిన్‌ను ఇచ్చే ఆస్పర్‌జిల్లస్ టెర్రియసే రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ తేగలదు. పైగా ఆకులో పిసరంత ఉండే ఫంగస్‌ను మనం ఫ్లాస్క్‌లో పెంచి, దాని సారాన్ని చిక్కగా చేస్తున్నాం.

కాబట్టి పనిచేసే సారం దొరికినప్పుడు, ఆ సంబరంలో ఉండగానే, దాన్ని క్యాన్సర్ కణాల మీదే కాదు, మామూలు కణాల మీద కూడా ఎంటీటీ పరీక్ష (కణాలు బతికున్నాయో లేదో చూపేది) పెట్టండి. రెండింటినీ ఒకే గాఢత దగ్గర చంపుతుంటే అది ఉత్త విషం. ఫంగస్ పేరు బట్టి అది చేయగల మైకోటాక్సిన్ల (ఫంగస్ విషాల) జాబితా తీసి ఎల్‌సీ-ఎంఎస్‌లో వెతకండి. స్పోర్లు దట్టంగా వేసిన ప్లేట్ల మూత బయట తీయొద్దు, బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తీయాలి. మామూలు లామినార్ గాలిని మీ మొహం మీదికే తోస్తుంది, అది కాపాడేది ప్లేటును, మిమ్మల్ని కాదు. వాడేసిన ప్లేట్లు, ఫ్లాస్క్‌లు 121 డిగ్రీల దగ్గర కనీసం అరగంట ఆటోక్లేవ్ చేశాకే బయటికి వెళ్లాలి.

ఇవన్నీ దాటి ఒక్క ఫంగస్ మిగిలినా మీ ప్రాజెక్టు బాగా జరిగినట్టే. అప్పుడు మైనస్ 80లో దాచిన మొదటి తరం గ్లిజరాల్ స్టాకు ఒకటి బయటికి తీయండి. ప్రస్తుతం వాడుతున్న కల్చర్‌ను పక్కన పెట్టి, ఆ స్టాకుతో కొత్త ప్లేటు, కొత్త ఫ్లాస్క్, పక్కన మళ్లీ ఒక ఖాళీ బ్రాత్. మూడు వారాల తర్వాత పాత టీఎల్‌సీ ప్లేటు ఫొటో పక్కన కొత్త ప్లేటు పెట్టి, పసుపు మచ్చ అదే ఎత్తులో ఉందో లేదో చూడండి.